పికప్ బండి సైలెన్సర్ కోసే ముందు

సంపాదకులకు నమస్కారం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ మెకానిక్‌ని. లారీల మీద పని నేర్చుకుని, తర్వాత సొంతంగా షెడ్డు పెట్టుకున్నాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పికప్ బండ్లే. ఈ మధ్య మా వైపు ఒక పని బాగా పెరిగింది. పుల్లింగ్ లేదనో మైలేజీ పడిపోయిందనో ఎవరైనా బండి తెస్తే, సైలెన్సర్ లైను కోసి, లోపల ఉన్నదంతా పీకేసి, 'ఫ్రీ ఎగ్జాస్ట్' చేశామని చెప్పి పంపిస్తున్నారు. బుల్లెట్ బండ్ల సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలర్‌తో తొక్కించే ఫొటోలు పత్రికల్లో చూస్తూనే ఉంటాం. సరుకు తోలే బండ్లకు జరుగుతున్నది మాత్రం ఎక్కడా రావడం లేదు. బండి ఓనర్లూ డ్రైవర్లూ మీ పత్రిక చదువుతారు కాబట్టి వాళ్ల కోసం, ఆ పైన అధికారుల కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఆ లైనులో ఏముందో చెప్పాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న కొత్త బండ్లన్నీ బీఎస్-6, అంటే పొగ మీద ప్రభుత్వం పెట్టిన కొత్త పరిమితుల ప్రకారం తయారైన బండ్లు. వీటిలో ఇంజన్ నుంచి వచ్చే పొగ మొదట, ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బోను తిప్పుతుంది. అక్కడి నుంచి డీఓసీ అనే క్యాటలిస్టులోకి, దాని వెనకే ఉన్న డీపీఎఫ్ అనే ఫిల్టర్‌లోకి పోతుంది. కొన్ని బండ్లలో ఆ తర్వాత, పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే డెఫ్ ద్రవం చిమ్మే భాగం కూడా ఉంటుంది. మామూలు సైలెన్సర్ అన్నిటికంటే చివర. జనం 'సైలెన్సర్ జామ్ అయింది' అనేది ఈ డీపీఎఫ్ గురించే. ఆ డబ్బాను కోస్తే లోపల సన్నసన్నటి గడులతో పింగాణీ ఇటుక కనిపిస్తుంది. ఒక గడికి ముందు వైపు మూత, దాని పక్క గడికి వెనక వైపు మూత. పొగ నేరుగా పోవడానికి దారి ఉండదు. గడి గోడలో కంటికి కనపడని రంధ్రాల్లోంచి పక్క గడిలోకి దూరి పోవాల్సిందే. మసి ఇవతలే ఆగిపోతుంది. మూడున్నర టన్నుల లోపు సరుకు బండ్లలో బరువైన తరగతికి బీఎస్-4 లో కిలోమీటరుకు 60 మిల్లీగ్రాముల దాకా మసి వదలనిచ్చారు. బీఎస్-6 లో ఆ పరిమితి 4.5 మిల్లీగ్రాములు. ఈ తేడాను ప్రధానంగా మోస్తున్నది ఆ ఇటుకే.

ఆగిన మసి లోపలే ఉండిపోతే ఫిల్టర్ నిండిపోతుంది కదా, దాన్ని ఎప్పటికప్పుడు కాల్చెయ్యాలి. అందుకు 550 నుంచి 600 డిగ్రీల వేడి కావాలి. ఫిల్టర్‌కు ముందూ వెనకా ప్రెషర్ తేడా చూసే సెన్సార్ ఒకటి ఉంటుంది. తేడా పెరిగిందంటే ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, కొంచెం ఎక్కువ డీజిల్ చిమ్మించి ఆ వేడి తెప్పిస్తుంది. మేం దీన్ని 'రీజన్' అంటాం. బండి హైవే మీద ఒక ఊపులో పోతుంటే డ్రైవర్‌కు తెలియకుండానే ఈ పని అయిపోతుంది. గొడవంతా ఊళ్లో తిరిగే బండ్లతోనే.

ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు వేసే బండినే తీసుకోండి. పొద్దున పటమటలో మొదలవుతుంది. బెంజి సర్కిల్ దాటి మొగల్రాజపురం సందుల్లోకి వెళ్తుంది. ప్రతి అపార్ట్‌మెంటు ముందూ ఆగుతుంది. క్యాన్లు పైకి మోసుకెళ్లి దిగి వచ్చేదాకా ఇంజన్ ఐడిల్‌లోనే ఉంటుంది. రోజంతా తిరిగినా బండి గట్టిగా వేడెక్కదు. రీజన్ మొదలవుతుంది, సగంలో డ్రైవర్ తాళం తిప్పేస్తాడు. మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. కాలకుండా మిగిలిన డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ మట్టం పెరిగి ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన కొడుతుంది. ఇంతలో మీటర్ బోర్డు మీద పసుపు లైటు వెలుగుతుంది. అదేమిటో డ్రైవర్‌కు ఎవరూ చెప్పలేదు. లైటుతోనే ఇంకొన్నాళ్లు తిప్పుతాడు. చివరికి ఇంజన్‌ను కాపాడుకోవడానికి ఈసీయూ పవర్ తగ్గించేస్తుంది, ఎంత తొక్కినా బండి లేవదు. షోరూముకు పోతే ఫిల్టర్ మార్చాలని లక్ష దగ్గర ఎస్టిమేట్ చేతిలో పెడతారు. బయట ఒకాయన పదిహేను, ఇరవై వేలకు 'డిలీట్' చేసేస్తానంటాడు, అంటే ఫిల్టర్‌ను పీకేస్తానని. రోజు కూలి మీద కిస్తీలు కట్టుకునే మనిషి ఏ వైపు వెళ్తాడో చెప్పనక్కర్లేదు. ఆ ఓనర్‌ను నేను తప్పుపట్టను. అతనికి మూడో దారి ఉందని ఎవరూ చెప్పకపోవడమే నా బాధ.

మూడో దారి ఏమిటో ఒక బండి ఉదాహరణతో చెబుతాను. నూజివీడు నుంచి నున్న మార్కెట్‌కు మామిడికాయలు తోలే పికప్ అది. సీజన్‌లో వచ్చింది. లోడ్ మీద మూడో గేర్ దాటడం లేదు, యాక్సిలేటర్ ఎంత తొక్కినా లేవడం లేదు. డీపీఎఫ్ పీకించుకోవాలని ఓనర్ నిర్ణయించుకునే వచ్చాడు. స్కానర్ పెడితే డీపీఎఫ్ నిండిందనే కోడ్ వచ్చింది, అది నిజమే. కానీ అంత తొందరగా ఎందుకు నిండింది? ఖాళీ బండితో ఇబ్బంది లేదు, లోడ్ మీదే వస్తోంది. టర్బో నెట్టిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు హోస్ దగ్గర క్లాంపు కింద వేలు పెట్టి తడిమాను. ఆయిల్ జిడ్డు తగిలింది. హోస్ ఊడదీసి వెలుతురులో వంచి చూస్తే, అడుగు వైపున బొటనవేలి గోరంత చీలిక. ఐడిల్‌లో ఉన్నప్పుడు అది మూసుకునే ఉంటుంది. లోడ్ మీద టర్బో గాలిని నెట్టినప్పుడు నోరు తెరుస్తుంది. ఇంజన్‌కు చేరాల్సిన గాలి రోడ్డు మీదికి పోతోంది. డీజిల్ మాత్రం మామూలుగానే పడుతోంది. గాలి చాలని డీజిల్ మసి కాక ఏమవుతుంది? ఆ మసి అంతా పోయి ఫిల్టర్‌లో పేరుకుంది.

కొత్త హోస్ వేశాం. ఎయిర్ ఫిల్టర్ మార్చాం. డీజిల్ కలిసిన ఆయిల్ దించి కొత్తది పోశాం. స్కానర్‌తో బలవంతంగా ఒక రీజన్ చేయించాం. తర్వాత రామవరప్పాడు రింగ్ నుంచి హనుమాన్ జంక్షన్ వైపు హైవే మీద, ఆర్‌పీఎం రెండు వేలకు తగ్గకుండా ఒకే ఊపులో నడిపి తెచ్చాం. ప్రెషర్ తేడా ఐడిల్‌లో సున్నా దగ్గరికి దిగింది. ఓనర్ ఆ సాయంత్రమే లోడ్ ఎత్తుకుని వెళ్లాడు. అదే బండికి సైలెన్సర్ లైను కోసుంటే హోస్‌లో చీలిక అలాగే ఉండేది. నల్ల పొగ వెనక వచ్చే బైకు వాళ్ల ముఖాన పడేది. ఇంకొన్నాళ్లకు టర్బో కూడా పోయేది. చీలిన హోస్ ఉన్నప్పుడు గాలి లోటు పూడ్చడానికి టర్బో మామూలు కంటే ఎక్కువ వేగంగా తిరగాల్సి వస్తుంది.

పైపు వెడల్పు చేస్తే పవర్ పెరగదా అని కుర్రాళ్లు అడుగుతారు. సూటిగానే చెబుతాను. టర్బో వెనక ఒత్తిడి తగ్గితే టర్బో కొంచెం తొందరగా అందుకుంటుంది. ఆ మాట నిజమే. కానీ ఈ రోజుల్లో ఇంజన్‌కు ఎంత డీజిల్ ఇవ్వాలో, టర్బో ఎంత గాలి నెట్టాలో నిర్ణయించేది ఈసీయూ. అందులోని లెక్క మారకుండా పైపు ఒక్కటే మారిస్తే లోడ్ మీద చెప్పుకోదగ్గ తేడా రాదు. శబ్దం పెరుగుతుంది, ఆ శబ్దానికి పవర్ పెరిగినట్టు అనిపిస్తుంది. లెక్క కూడా మార్పించి డీజిల్ పెంచితే పవర్ వస్తుంది. దాంతోపాటు పొగ వేడీ పెరుగుతుంది. గంటల తరబడి లోడ్ మీద నడిచే బండిలో ఆ వేడిని పిస్టన్లూ టర్బో వీల్సూ ఎంతకాలం తట్టుకుంటాయి? క్లచ్ ప్లేటూ గేర్‌బాక్సూ కంపెనీ లెక్క ప్రకారం చేసినవి, పెంచిన పవర్ ప్రకారం చేసినవి కావు.

మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ లాంటివి కొనుక్కున్న పిల్లలు అమెరికా వీడియోలు చూపించి, అలా నల్ల పొగ కొట్టేలా చేయమంటారు. అక్కడా అది చట్టవిరుద్ధమే. పదేళ్లలో ఐదున్నర లక్షలకు పైగా డీజిల్ పికప్‌లకు పొగ నియంత్రణ పరికరాలు పీకేశారని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2020లో లెక్కగట్టింది. పీకిచ్చే షాపుల మీదా, ఆ సామాను అమ్మే కంపెనీల మీదా కేసులు పెట్టి పెద్ద పెద్ద జరిమానాలు వేసింది. ఆ సంగతి వీడియోల్లో ఉండదు.

డిలీట్ చేసే పద్ధతి కూడా పాఠకులు తెలుసుకోవాలి. డబ్బాను కటింగ్ వీల్‌తో కోస్తారు. లోపలి ఇటుకను పగలగొట్టి బయటికి లాగుతారు. ఖాళీ డబ్బాను మళ్లీ వెల్డింగ్ పెట్టి, రంగు కొట్టి, ఎక్కడిదక్కడ బిగిస్తారు. బయటి నుంచి చూస్తే ఏ తేడా కనపడదు. ఇటుకకు పూసిన ప్లాటినం లాంటి లోహాల కోసం స్క్రాప్ వాళ్లు దాన్నీ కొంటారు. ఇక లైటు వెలగకుండా ఈసీయూలో ప్రోగ్రాం మారుస్తారు. ఆ ప్రోగ్రాం ఎవడో రాసి ఎవడో కాపీ చేసింది. కొన్ని బండ్లలో లైటు ఆపేస్తారు గానీ రీజన్ కోసం అదనంగా డీజిల్ చిమ్మడం ఆగదు. లేని ఫిల్టర్‌ను కాల్చడానికి డీజిల్ తగలబడుతూనే ఉంటుంది. మైలేజీ కోసం చేయించుకున్న పని మైలేజీనే తినేస్తుంది. ఆయిల్‌లో డీజిల్ కలుస్తూనే ఉంటుంది, బేరింగులు అరుగుతాయి. అప్పటికి కంపెనీ వారంటీ ఉండదు. పని చేసినవాడు ఫోన్ ఎత్తడు.

పాత బండ్లకు, అంటే డీపీఎఫ్ లేని బీఎస్-3, బీఎస్-4 వాటికి, ఇంకో రకం పని చేస్తున్నారు. సైలెన్సర్ తీసేసి, పైపును వెనక చక్రాల దాకా తీసుకుపోకుండా మధ్యలోనే కోసి వదిలేస్తారు. నాకు అన్నిటికంటే భయం వేసేది ఇదే. మన బండ్లు వరిగడ్డి వేసుకుని తిరుగుతాయి. గడ్డి పక్కలకీ కిందికీ వేలాడుతూ ఉంటుంది. పైపు నోరు బాడీ కింద, గడ్డికి మూరెడు దూరంలో ఉంటుంది. లోడ్ మీద వచ్చే ఆ పొగ ఎంత వేడిగా ఉంటుందో చేయి పెట్టబోయినవాడికి తెలుస్తుంది. టార్పాలిన్ అంచు కమిలిపోయి, తాడు మాడిపోయి వచ్చిన బండిని నేను చూశాను. పైపు క్యాబిన్ దగ్గరే ఆగిపోతే పొగ క్యాబిన్‌లోకి వస్తుంది. మార్కెట్ దగ్గర లైన్లో నిలబడి, ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో ఉంచి నిద్రపోయే డ్రైవర్లు ఎందరో ఉన్నారు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన ఉండదు, నిద్రలో ఉన్న మనిషిని లేపదు.

పాత బండి నిజంగా పుల్లింగ్ తగ్గితే చూడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు, సిలిండర్ల పొగంతా కలిసే మానిఫోల్డ్ దగ్గర టిక్ టిక్‌మని శబ్దం వస్తే గాస్కెట్ లీక్ అవుతున్నట్టు. టర్బోను తిప్పాల్సిన పొగ దానికి చేరకముందే బయటికి పోతోందన్నమాట. గాస్కెట్‌కు అయ్యే ఖర్చు తక్కువ, వచ్చే తేడా పెద్దది. పైపుకు రాయి తగిలి సొట్ట పడినా, సైలెన్సర్ లోపలి రేకు ఊడి అడ్డం పడినా బండి బిగబట్టినట్టు అవుతుంది. అప్పుడు కంపెనీ సైజు పైపు, కంపెనీ రకం సైలెన్సర్ కొత్తవి వేసుకుంటే సరిపోతుంది. ఇంజెక్టర్లు, కొంత పొగను మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్‌లో కార్బన్, చివరికి బ్రేకులు పట్టేసి ఉండటం కూడా 'పుల్లింగ్ లేదు' అనే ఫిర్యాదుగానే మా దగ్గరికి వస్తాయి.

మా వీధి మనుషుల గురించి కూడా చెప్పాలి. రోజంతా ఈ పొగ పీల్చేది మేమే. బండి పొగ చూడమంటే పని నేర్చుకునే పిల్లవాడు పైపు వెనకే కూర్చుంటాడు. సాయంత్రం ముక్కు చీదితే నల్లగా వస్తుంది. వీధి మొదట్లో టీ అమ్మే అక్క రోజుకు ఎన్నోసార్లు గ్లాసుల మీద మసి తుడుస్తుంది. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చి, దాన్ని మొదటి వర్గంలో చేర్చింది. గాలి బాగుచేసుకోవాల్సిన నగరాలంటూ కేంద్రం 2019లో మొదలుపెట్టిన కార్యక్రమంలో మా విజయవాడ ఉంది, గుంటూరూ ఉంది. అలాంటి ఊళ్లో, మసిని ఆపే ఇటుకను పగలగొట్టడం నా వృత్తిలో భాగం అయిపోవడం నేను ఒప్పుకోలేను. నా షెడ్డులో ఆ పని చెయ్యను. చెయ్యనందుకు బేరాలు పోతున్నాయి, పోనివ్వండి.

చట్టం లేక కాదు. కంపెనీ ఇచ్చిన బండి రూపురేఖలు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో, అలా మార్చుకున్న ఓనర్‌కు ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు అని పెట్టారు. పొగ, శబ్దం నిబంధనలు మీరి రోడ్డెక్కితే జరిమానా పది వేల దాకా ఉంటుంది, లైసెన్స్ మూడు నెలలు రద్దు కావచ్చు. కానీ దొరికేదెవరు? రోడ్డు మీద ఉన్న డ్రైవర్, కిస్తీలు కట్టే ఓనర్. లాప్‌టాప్‌లో ప్రోగ్రాం పెట్టుకుని ఊరూరా తిరిగి డిలీట్లు చేసేవాళ్లను ఎవరూ అడగడం లేదు. సోషల్ మీడియాలో వాళ్లు ఫోన్ నంబర్‌తో సహా ప్రకటనలు ఇచ్చుకుంటున్నారు. రవాణా శాఖ ముందు వాళ్ల దగ్గరికి వెళ్లాలి.

పొల్యూషన్ సర్టిఫికెట్ టెస్టు కూడా మారాలి. ఇప్పుడు చేసేది యాక్సిలేటర్ తొక్కి పొగ ఎంత చిక్కగా ఉందో చూడటం. ఇంజన్ కండిషన్ బాగుంటే డీపీఎఫ్ లేని బండి కూడా అందులో గట్టెక్కే వీలుంది. ఎందుకంటే ఆ ఫిల్టర్ ఆపేది చాలావరకు కంటికి కనపడని సన్న మసి. జర్మనీలో 2023 జూలై నుంచి బీఎస్-6 తో సమానమైన డీజిల్ బండ్లకు పొగలో కణాలను లెక్కపెట్టే టెస్టు పెట్టారు. అన్ని సెంటర్లలో ఒక్కసారి ఆ మిషన్లు పెట్టడం కష్టం కావచ్చు. సరుకు బండ్లు ఫిట్‌నెస్‌కు ఎలాగూ రావాలి కదా. మొదట అక్కడైనా పెట్టండి. కనీసం స్కానర్ తగిలించి ప్రెషర్ తేడా రీడింగ్ చూడండి. లోపల ఇటుక లేని డబ్బాలో ఇంజన్ ఎంత రేజ్ చేసినా ఆ రీడింగ్ పెరగదు, లేదా అసలు బొమ్మలా ఒకే అంకె చూపిస్తుంది. ఐదు నిమిషాల పని.

కంపెనీలకు, షోరూములకు నా మనవి ఒకటుంది. బండి తాళాలు ఇచ్చేటప్పుడు పూలదండ వేసి ఫొటో తీస్తున్నారు. అప్పుడే డ్రైవర్‌ను కూర్చోబెట్టి డీపీఎఫ్ లైటు చూపించండి. లైటు వెలిగితే బండిని హైవే ఎక్కించి ఇరవై నిమిషాలపాటు ఒకే వేగంతో నడపాలని, రీజన్ అవుతుంటే ఇంజన్ ఆపకూడదని, ఆ సమయంలో ఎండుగడ్డి మీద బండి నిలపకూడదని తెలుగులో ఒక కాగితం రాసి సన్‌వైజర్‌కు అంటించండి. ఊళ్లోనే తిరగాల్సిన బండి అయితే డీజిల్ కొనమని చెప్పకండి, సీఎన్‌జీ బండి చూపించండి. నిండిన ఫిల్టర్‌ను చాలాసార్లు ఊడదీసి శుభ్రం చేసి మళ్లీ వాడుకోవచ్చు. ఎస్టిమేట్ రాసేటప్పుడు ఆ మాట కూడా చెప్పండి. ఓనర్లు కూడా చవగ్గా దొరికిందని ఏ ఆయిల్ పడితే ఆ ఆయిల్ పోయించొద్దు. మాన్యువల్‌లో రాసిన తక్కువ బూడిద రకమే పోయించాలి. మసిని రీజన్ కాల్చేస్తుంది గానీ ఆయిల్ వదిలే బూడిదను ఏదీ కాల్చలేదు, అది ఫిల్టర్‌లోనే మిగిలిపోతుంది.

ప్రభుత్వాన్ని అడిగేది, ఆటోనగర్‌లో అందరికీ అందుబాటు ధరలో డీపీఎఫ్ శుభ్రం చేసే యూనిట్ ఒకటి పెట్టించమని. ఖరీదైన మిషన్ ఏమీ కాదు, వేడి చేసే కొలిమి, గాలితో ఊదే ఏర్పాటు, ముందూ తర్వాతా ప్రెషర్ కొలిచే బెంచి ఉంటే చాలు. దానితోపాటు ఐటీఐ పిల్లలకూ మా షెడ్లలో పని నేర్చుకునేవాళ్లకూ బీఎస్-6 ఇంజన్ల మీద, స్కానర్ మీద సాయంత్రం పూట శిక్షణ ఇప్పించాలి. స్కానర్ చదవడం వచ్చినవాడు కటింగ్ వీల్ జోలికి పోడు. చోటు కావాలంటే నా షెడ్డు ఆదివారాలు ఖాళీగానే ఉంటుంది, ఇస్తాను.

ఇట్లు,
ఒక డీజిల్ మెకానిక్,
ఆటోనగర్, విజయవాడ